పేటికలోని ఆకాశం: కారు సబ్‌వూఫర్ పెట్టె, శబ్దతత్త్వం, ద్వారకా తిరుమల ధర్మం

శబ్దం దేనికి చెందుతుందనే ప్రశ్నకు భారతీయ దర్శనాలు ఒకే సమాధానం ఇవ్వలేదు. అది ఆకాశమనే ద్రవ్యానికి గుణమనీ, పుట్టి నశించేదనీ న్యాయవైశేషికులు అంటే, శబ్దం నిత్యమనీ, దెబ్బ తగిలి కదిలిన గాలి చెవిని చేరి దాన్ని వెల్లడి మాత్రమే చేస్తుందనీ మీమాంసకులు వాదించారు. 17వ శతాబ్దికి చెందిన తెలుగు పండితుడు అన్నంభట్టు, తర్కశాస్త్రంలోకి అడుగుపెట్టే విద్యార్థుల కోసం రచించిన తర్కసంగ్రహంలో, శబ్దాన్ని ధ్వని అనీ వర్ణమనీ రెండుగా విభజించాడు. అక్షరరూపం లేని మోత ధ్వని. దానికి ఆయన చూపిన ఉదాహరణ భేరి. పలుకుగా వినిపించేది వర్ణం. వినే ఇంద్రియమైన శ్రోత్రం కూడా చెవి గుల్లలో పరిమితమైన ఆకాశమే తప్ప వేరొకటి కాదని తార్కికుల సిద్ధాంతం. శబ్దం పుట్టే చోటా, దాన్ని గ్రహించే చోటా కూడా ఏదో ఒక హద్దు లోపల ఇమిడిన ఖాళీయే ప్రధానమని ఈ విచారం తేలుస్తుంది. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో కారు సామాన్ల దుకాణం ముందు నిలబడి, భక్తిగీతాలు గంభీరంగా వినిపించాలని సబ్‌వూఫర్ బాక్సు కట్టించుకునే మనిషి నిజానికి కొనేది కూడా అలాంటి ఖాళీనే. కాబట్టి ఆ ఖాళీ ఎంత ఉండాలి, దాని నుంచి వెలువడే మోత ఎంత దూరం పోవాలి, ఆ మోత భగవన్నామాన్ని మోస్తుందా లేక ముంచుతుందా అన్న ప్రశ్నలు వడ్రంగివి మాత్రమే కావు, ధర్మశాస్త్రానివి కూడా.

సబ్‌వూఫర్ అంటే మానవ శ్రవణపరిధి అడుగున, సుమారు 20 నుంచి 100 హెర్ట్జ్ వరకు, అంటే సెకనుకు అన్నిసార్లు కంపించే మంద్రస్వరాలను మాత్రమే పలికించే పెద్ద స్పీకరు. దాని శంకువు ముందుకు కదిలినప్పుడు ఎదుటి గాలి ఒత్తుకుపోతుంది. అదే క్షణంలో వెనుక గాలి పలచబడుతుంది. మంద్రస్వరాల తరంగాలు చాలా పొడవైనవి కావడం వల్ల, అడ్డు ఏదీ లేకపోతే, ముందున్న ఒత్తిడి అంచు చుట్టూ తిరిగి వెనుకనున్న లోటును పూడ్చేస్తుంది. రెండూ పరస్పరం రద్దవుతాయి. ఎంత ఖరీదైన స్పీకరైనా పెట్టె లేకుండా చేతిలో పట్టుకుంటే బేస్ పలకకపోవడానికి కారణం ఇదే. పెట్టె చేసే మొదటి పని శబ్దాన్ని పెంచడం కాదు, ముందువెనుకలను వేరు చేయడం.

వెనుక వెలువడిన కంపనాన్ని ఏం చేయాలన్న దగ్గర రెండు సంప్రదాయాలు ఏర్పడ్డాయి. గాలి చొరబడకుండా అన్ని వైపులా మూసిన పెట్టెలో లోపలి గాలి ఒక స్ప్రింగులా పనిచేసి, శంకువును మళ్లీ తన స్థానానికి నెడుతుంది. ఈ గాలి స్ప్రింగునే ఆధారంగా చేసుకున్న స్పీకరును అమెరికాకు చెందిన ఎడ్గార్ విల్చర్ 1954లో రూపొందించాడు. రెండో రకంలో పెట్టెకు ఒక గొట్టం లేదా సందు ఉంటుంది. దాన్ని పోర్టు అంటారు. ఆల్బర్ట్ థూరస్ 1932లో పేటెంటు పొందిన ఈ పద్ధతిలో, వెనుక కంపనం వృథా కాకుండా, పెట్టెకూ గొట్టానికీ సహజమైన ఒకానొక స్వరం దగ్గర ముందు కంపనంతో కలిసి బయటికి వస్తుంది. ఇలా ఒక కుహరం తన స్వరానికి మాత్రమే గట్టిగా స్పందించడాన్ని అనునాదమంటారు. 19వ శతాబ్దంలో హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ దీన్ని శాస్త్రీయంగా వివరించాడు. పెట్టె పెద్దదైనా గొట్టం పొడవైనా ఆ స్వరం దిగుతుంది. గొట్టం వెడల్పైతే ఎక్కుతుంది. స్పీకరు కొలతల నుంచి పెట్టె పరిమాణాన్ని గణితంతో రాబట్టే పద్ధతిని 1961లో ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ థీల్ ప్రతిపాదించగా, 1970ల ఆరంభంలో రిచర్డ్ స్మాల్ విస్తరించాడు. స్పీకరుతో వచ్చే కాగితం మీద ముద్రించి ఉండే అంకెలకు వీరిద్దరి పేరే స్థిరపడింది. దుకాణదారుని అంచనా కన్నా ఆ కాగితమే ప్రమాణం.

ఇక్కడ కారుకు ప్రత్యేకమైన విషయం ఒకటి ఉంది. మూసిన పెట్టె తన అనునాదస్వరం కన్నా కిందికి పోయేకొద్దీ, కంపనసంఖ్య సగమైన ప్రతిసారీ 12 డెసిబెల్స్ చొప్పున బలం కోల్పోతుంది. అయితే కారు లోపలి గది చిన్నది. దాని పొడవు కన్నా తరంగంలో సగభాగం పెద్దదైనప్పుడు, అంటే సాధారణ కారులో సుమారు 60 హెర్ట్జ్ దిగువన, గది మొత్తం ఒకే ఒత్తిడికి లోనై, ఆ నష్టాన్ని దాదాపు అదే నిష్పత్తిలో పూడుస్తుంది. ఇంట్లో పేలవంగా వినిపించే చిన్న మూసిన పెట్టె కారులో నిండుగా వినిపించడానికి ఇదే కారణం. 10 అంగుళాల స్పీకరుకు మూసిన పెట్టెలో సాధారణంగా 17 నుంచి 28 లీటర్ల ఖాళీ చాలుతుంది. ఈ లెక్క బయటి కొలతలది కాదు. చెక్కనారను నొక్కి చేసిన 18 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. పలకతో బయట 40, 35, 30 సెంటీమీటర్లుగా కట్టిన పెట్టె చూపుకు 42 లీటర్లు. పలకల మందం తీసేస్తే లోపల మిగిలేది 30 లీటర్లు. అందులోంచి స్పీకరు వెనుక భాగం, లోపల బిగించిన అడ్డుకర్రలు ఆక్రమించేది కూడా తీసివేయాలి. కొల్లేటి సరస్సు పరిసరాల తేమకు ఎం.డి.ఎఫ్. కోసిన అంచులు ఉబ్బే ప్రమాదం ఉంది కనుక వాటికి పూత పట్టించడమో, మంచి ప్లైవుడ్ వాడటమో అవసరం. సందులు మూయకపోతే, గోడలు గట్టిగా లేకపోతే, పెట్టె తానే మోగుతుంది, పాట వినిపించదు.

ఇంతవరకు ఇది కొలతల సంగతి. వేదాంతులు ఇదే ఖాళీని ఆత్మవిచారానికి వాడుకున్నారు. కుండలోని ఆకాశం కుండ వల్ల వేరైనట్టు కనిపించినా నిజానికి మహాకాశం ఖండితం కాలేదనీ, జీవుడూ అలాగే పరమాత్మ నుంచి వేరు కాడనీ గౌడపాదాచార్యులు మాండూక్యకారికల్లోని అద్వైత ప్రకరణంలో ప్రతిపాదించారు. ఒక కుండలో పొగా ధూళీ చేరినంత మాత్రాన ఇతర కుండల్లోని ఆకాశం మలినం కాదని కూడా అక్కడే వివరించారు. ఒక జీవుని సుఖదుఃఖాలు ఇతరులకు ఎందుకు అంటవన్న ఆక్షేపణకు అది సమాధానం. ఆత్మ విషయంలో ఆ దృష్టాంతం ఎంత లోతైనదైనా, సబ్‌వూఫర్ పెట్టె దానికి లొంగదు. 40 హెర్ట్జ్ స్వరపు తరంగం గాలిలో సుమారు 8.6 మీటర్ల పొడవుంటుంది. అది పెట్టెలోనే కాదు, కారులో కూడా పట్టదు. పలచని ఇనుపరేకు, అద్దం హెచ్చుస్వరాలను బాగా ఆపగలవు గాని, స్వరం దిగేకొద్దీ గోడ అడ్డుకునే శక్తి తగ్గిపోతుంది. ఆకాశానికి మలినం అంటకపోవచ్చు, గాలికి అంటుంది. ఈ ఒక్క విషయంలో తార్కికుల ఆకాశం కన్నా మీమాంసకుల గాలే వాస్తవానికి దగ్గరగా ఉంది.

దీని ఫలితం గమనించదగినది. కారు లోపల కూర్చున్నవారు పాట మొత్తం వింటారు. దారి పక్క ఇంట్లో ఉన్నవారికి అందులోని మాటలు చేరవు, గుండె మీద కొట్టే దెబ్బ మాత్రం చేరుతుంది. అన్నంభట్టు విభాగంలో చెప్పాలంటే లోపలివారికి వర్ణం, బయటివారికి ధ్వని. భక్తిగీతమైనా సినిమా పాటైనా గోడ దాటిన తరువాత తేడా ఉండదు.

లోపలివారి విషయంలోనూ మరొకటి ఉంది. మానవ స్వరంలో అక్షరాన్ని అక్షరంగా గుర్తుపట్టించే హల్లుల స్ఫుటత్వం ఎక్కువగా రెండు, మూడు, నాలుగు వేల హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. 100 హెర్ట్జ్ దిగువన పనిచేసే సబ్‌వూఫర్ అక్కడికి వెళ్లదు. గోవింద నామంలో ఒక్క అక్షరమూ ఆ పెట్టె నుంచి రాదు. పైగా బలమైన మంద్రస్వరం తనకన్నా పై స్వరాలను చెవికి అందకుండా కప్పివేస్తుంది. ఎత్తుస్వరానికి కింది స్వరాన్ని కప్పే శక్తి అంతగా లేదు. భక్తితో బేస్ పెంచినవాడు తాను పెంచుతున్నది నామమని అనుకుంటాడు, పెరుగుతున్నది నామాన్ని కప్పే తెర. మనుస్మృతి జపాన్ని మూడు మెట్లుగా చెప్పి, పైకి వినిపించే జపం కన్నా పెదవులు మాత్రమే కదిలే ఉపాంశువును, దాని కన్నా మానసిక జపాన్ని శ్రేష్ఠంగా ఎంచింది. ఆ క్రమంలో శబ్దం తగ్గేకొద్దీ నామం పెరుగుతుంది.

దీనికి ఎదురువాదం బలమైనదే, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఆలయసంప్రదాయం మౌనాన్ని మాత్రమే ఆశ్రయించలేదు. వైఖానస ఆగమానుసారం జరిగే ఉత్సవాల్లో ధ్వజారోహణ వేళ భేరిని పూజించి మోగించి దేవతలను ఆహ్వానిస్తారు. ఆ భేరి కూడా చర్మం బిగించిన ఒక కుహరమే, అన్నంభట్టు ధ్వనికి చూపిన ఉదాహరణా అదే. డోలు, నాదస్వరం లేని కళ్యాణం తెలుగునేల మీద ఊహకు అందదు. ఇంకా ముఖ్యంగా, గోష్ఠీపూర్ణుల వద్ద రహస్యంగా ఉపదేశం పొందిన మంత్రార్థాన్ని భగవద్రామానుజులు తిరుక్కోష్టియూరు ఆలయం ఎక్కి, తాను నరకానికి పోయినా నలుగురూ తరిస్తే చాలునని అందరికీ వినిపించారని శ్రీవైష్ణవ సంప్రదాయం భక్తితో చెప్పుకుంటుంది. నామాన్ని బిగ్గరగా చాటడం కరుణ అయ్యే సందర్భం ఉందని దీన్నిబట్టి ఒప్పుకోవాలి. అయితే ఆయన చాటినది వర్ణం, అర్థంతో కూడిన పలుకు. విన్నవారు దాన్ని పట్టుకుని తమ ఇంటికి తీసుకువెళ్లగలిగారు. భేరి కూడా కాలం, స్థలం, అధికారం నిర్ణయించిన కర్మలో భాగం. ఉత్సవానికి మొదలూ చివరా ఉన్నాయి. రాత్రి పన్నెండింటికి ఊరి మధ్యగా పోయే కారు పెట్టెకు ఈ రెంటిలో ఏ ఆధారమూ లేదు.

రామానుజుల పేరు వచ్చినప్పుడు ద్వారకా తిరుమలను తలచుకోకుండా ఉండలేము. చిన్న తిరుపతిగా పేరొందిన ఈ క్షేత్రంలో, ద్వారక మహర్షి తపస్సుకు మెచ్చిన వేంకటేశ్వరుడు పుట్టలో స్వయంవ్యక్తంగా వెలిశాడని స్థలపురాణం. పుట్ట నుంచి పైభాగం మాత్రమే దర్శనమిచ్చే ఆ మూర్తి పాదాలు భక్తుల సేవకు అందనందున, రామానుజులు నిండు విగ్రహాన్ని వెనుక ప్రతిష్ఠించారని, అందుకే ఒకే విమానం కింద రెండు ధ్రువమూర్తులు, ఏడాదిలో వైశాఖంలో ఒకటి, ఆశ్వయుజంలో మరొకటిగా రెండు కళ్యాణోత్సవాలు ఏర్పడ్డాయని ఆలయ సంప్రదాయం. అంతకన్నా ఆలోచించదగిన ఆచారం ఒకటుంది: ఇక్కడ మూలమూర్తికి అభిషేకం చేయరు. ఒక్క నీటిబొట్టు పడినా మూర్తి అడుగున ఉన్న చీమలు కదులుతాయని, అందువల్ల ఆ సేవే వద్దని నిర్ణయించుకున్నారు. అభిషేకం ఆలయారాధనలో చిన్న విషయం కాదు. దేవునికి ఎంతో ప్రియమైనదిగా శాస్త్రం చెప్పిన ఉపచారాన్ని, ఆ దేవుని పాదాల కింద బతికే ప్రాణుల కోసం వదిలిపెట్టిన క్షేత్రమిది.

రామానుజుల విశిష్టాద్వైతంలో ఇందుకు సిద్ధాంతపరమైన బలమూ ఉంది. చేతనాచేతనమైన సమస్త ప్రపంచం భగవంతునికి శరీరమనీ, ఆయన దానికి ఆత్మ అనీ చెప్పే శరీరశరీరిభావం ఆ దర్శనానికి మూలస్తంభం. అక్కడ జీవులు మాయవల్ల వేరుగా తోచేవారు కారు, నిజంగా వేరైనవారు, నిజంగా ఆయన దేహమైనవారు. అలాంటప్పుడు దారి పక్క ఇంట్లో జ్వరంతో పడుకున్న ముసలివాని చెవి కూడా ఆ దేహంలోనిదే. భాగవతం తృతీయస్కంధంలో కపిలమహర్షి తల్లి దేవహూతికి చేసిన బోధలో, సమస్తభూతాల్లో ఉన్న తనను అలక్ష్యం చేసి ప్రతిమను మాత్రమే అర్చించేవాని పూజ నిష్ఫలమని స్పష్టంగా ఉంది. దేవుని పేరిట మోగే పెట్టె దేవుని దేహాన్నే కొట్టకూడదన్న ధర్మం బయటినుంచి తెచ్చి అతికించినది కాదు, ఈ సంప్రదాయం లోపలిదే.

రాజ్యాంగబద్ధమైన న్యాయం వేరే దారిన ఇదే చోటుకు చేరింది. ప్రార్థన ఇతరుల ప్రశాంతతను భంగపరచి చేయాలని ఏ మతమూ విధించలేదని సుప్రీంకోర్టు 2000లో ఒక చర్చికి సంబంధించిన కేసులో తీర్పునిచ్చింది. అదే సంవత్సరం వచ్చిన శబ్దకాలుష్య నియమాలు నివాసప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు పెట్టి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లను నియంత్రించాయి. కాని ఆ హద్దును కొలిచే పద్ధతిలో, చెవి సున్నితత్వాన్ని అనుసరించి మంద్రస్వరాలకు తగ్గింపు ఇస్తారు. 50 హెర్ట్జ్ స్వరానికి ఆ తగ్గింపు సుమారు 30 డెసిబెల్స్. కిటికీ అద్దాలు వణుకుతున్నా మీటరు నిమ్మళంగా ఉండగలదన్నమాట. చట్టం కొలవలేని ఈ ఖాళీలో మనిషి వివేకమే పనిచేయాలి. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేర్చిన కొల్లేటి దారుల్లో, ఆటపాక దగ్గర గూళ్లు కట్టుకునే పెలికాన్లకు ఫిర్యాదు చేసే నోరు కూడా లేదు. చీమను లెక్కచేసిన ధర్మం పక్షిని విడిచిపెట్టదు.

కాబట్టి భక్తిగీతాల కోసం పెట్టె కట్టించుకునేవారికి తగినది మూసిన పెట్టె: 10 అంగుళాల స్పీకరు ఒకటి, దాని కాగితం చెప్పినంత ఖాళీ, గాలి చొరని అతుకులు. పోర్టు ఉన్న పెట్టె అదే విద్యుత్తుతో తన స్వరం దగ్గర ఎక్కువ మోగుతుంది, ఎక్కువ చోటు కోరుతుంది, గీతం కన్నా పోటీకే ఎక్కువ ఉపకరిస్తుంది. దానికన్నా అవసరమైనది, డ్రైవరు చేతికి అందేలా బిగించిన బేస్ గుబ్బ. భీమడోలు దాటి కొండ వైపు తిరిగినప్పుడూ, ఊళ్ల మధ్యగా రాత్రి ప్రయాణంలోనూ దాన్ని సున్నాకు తిప్పండి. నామంలోని అక్షరాలన్నీ తలుపుల్లో ఉన్న చిన్న స్పీకర్ల నుంచే వస్తాయి, ఒక్కటీ తగ్గదు.