చీకటి ఎవరిది?

ఆకాశం చూడటం నేర్పే పుస్తకాలు మొదట చెప్పేది ఒకటే: ఊరి దీపాలకు దూరంగా వెళ్ళండి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా 20, 30 నిమిషాలు ఆగండి. కామారెడ్డిలో మా డాబా మీద నుంచి పాలపుంత కనబడదు. ఎల్లారెడ్డి దాటి నిజాంసాగర్ వైపు వెళ్తే, కార్తీక మాసపు చీకటి రాత్రుల్లో, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ కూడా పల్చటి మరకలా వట్టి కంటికే కనిపిస్తుంది. కానీ అక్కడికి నేను ఒక్కదాన్నే వెళ్ళలేను. తోడు వచ్చినవాళ్ళ తొందరే నా చూపుకి గడువు. ఆ సలహా రాసినవాళ్ళ ఊహలో పాఠకుడు పురుషుడే.

స్త్రీలకు చీకటి తెలియదని కాదు. మరుగుదొడ్డి లేని ఇళ్ళ ఆడవాళ్ళు తెల్లవారకముందే చీకటిని వెతుక్కుంటూ వెళ్ళారు. వేగుచుక్క వాళ్ళకి పనికి లేపే గడియారం. చూపుకి తీరిక కావాలి, తీరికకి భద్రత కావాలి. తలెత్తి చూడమని మనల్ని అడిగేది పెళ్ళిలోనే. అక్కడా చూపించేది అరుంధతి చుక్కను కాదు, పాతివ్రత్యాన్ని. టెలిస్కోపులో ఆమె పక్కనున్న వసిష్ఠుడు రెండు చుక్కలుగా విడిపోతాడు. అరుంధతికీ ఒక చిన్న తోడు నక్షత్రం ఉందని 2009లో తేలింది. మన నీతికథలకి ఆకాశం సాక్ష్యం చెప్పదు.

కరోలిన్ హెర్షెల్ తన మొదటి తోకచుక్కను 1786లో, అన్న విలియం ఊళ్ళో లేనప్పుడు కనుగొంది. 1797 నాటికి అవి ఎనిమిదయ్యాయి. ఆమె ప్రతిభ సరే, ఇంటి దగ్గరే ఆమెకు చీకటి దొరికిందన్న సంగతి కూడా లెక్కలోకి రావాలి.

నన్ను వదలని ప్రశ్న మరొకటుంది. భద్రత కోసం మనం వీధిదీపాలు అడుగుతాం. అది న్యాయమే. అయితే ప్రతి దీపం కొన్ని చుక్కల్ని తుడిచేస్తుంది. భద్రతా, ఆకాశమా తేల్చుకొమ్మనే ఈ లెక్కే తప్పని నాకనిపిస్తుంది. దీపం చీకటిని తొలగిస్తుంది గానీ భయపెట్టేవాణ్ణి మార్చదు. పట్టపగలు బస్సుల్లో జరిగేవి మనకు తెలియనివా? దీపాలు అడుగుదాం, వెలుతురు నేలమీదే పడేలా పైన మూత ఉన్నవి అడుగుదాం. అంతటితో స్వేచ్ఛ వచ్చిందనుకోవద్దు. వెలుగులో మాత్రమే చెల్లే హక్కు సగం రోజు హక్కే. చెరువుకట్ట మీద చీకట్లో ఒక ఆడపిల్ల ఏ పనీ లేకుండా తలెత్తి నిలబడితే, ఎందుకని ఎవరూ అడగని రోజు కావాలి మనకి.