హర్రాజులో కొన్న భూమి

బాకీపడినవాని భూమిని ప్రభుత్వము వేలము వేయగా, పదిమంది యెదుట పాడి, ధర చెల్లించి కొనినవానికి దోషమంటునా? మెట్టచేలను నమ్మి బ్రదుకు కోడేరు ప్రాంతమున ఇది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. మన వైపు వేలమును హర్రాజు అందురు. “వాని చెలక హర్రాజుకు వచ్చినది” అనుటలో సొమ్ము మాట కంటె పరువు మాట యెక్కువ.

ముందు చట్టము చెప్పునది చూతము. 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టము ప్రకారము పాట తనపేర నిలిచినంత మాత్రమున భూమి తనది కాదు. పాటదారు ధరలో నూటికి 15 వంతులు అప్పుడే కట్టవలెను. మిగిలినది 30 దినములలో చెల్లింపనిచో కట్టినదియు పోవచ్చును. ఆ 30 దినములలోనే బాకీదారు బాకీ యంతయు చెల్లించి, పాటసొమ్ముపై నూటికి 5 చొప్పున పాటదారునకు ముట్టజెప్పినచో వేలము రద్దు కాగలదు. గడువు తీరి, కలెక్టరు ఖాయపరచిన పిదపనే ధ్రువపత్రమును స్వాధీనమును లభించును. నేడు శిస్తుకై హర్రాజులు అరుదు. ఇతర బాకీలను శిస్తుబకాయి వలె వసూలుచేయుట మాత్రము కలదు.

బహిరంగముగ, తగిన ధరకు కొనినవానియందు దోషము నాకు కనబడదు. అతడు కొనకున్నను బాకీ తీరదు గదా! దోషము వేరొకచోట నున్నది. బాకీ, వడ్డీ, ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము భూమి పోగొట్టుకొన్న వానిదే యని చట్టము చెప్పుచున్నది. ఊరిలో నలుగురు కూడబలుకుకొని, పోటీపాట లేకుండజేసి, చేనును చౌకగ కొట్టివేసినచో సర్కారును మోసగించితిమని మురియుదురు. నిజమున దోచినది ఆ నిర్భాగ్యుని మిగులును. ధర బాకీకి చాలనిచో మిగిలిన బాకీ మరల వాని మెడకే చుట్టుకొనును. బేలచూపులతో మూలనిలిచిన వాని పిల్లల యన్నమును పాడుకొని, ఆ లాభములో కొంత తెచ్చి సింగోటము నరసింహస్వామి హుండీలో వేసిన స్వామి స్వీకరించునా?

పాల్వంచ తహసీలుదారైన కంచెర్ల గోపన్నయు సర్కారు సొమ్ము బాకీపడినవాడే. రామలక్ష్మణులు వచ్చి తానీషాకు పైకము చెల్లించి రసీదు పొందిరని భక్తుల విశ్వాసము. స్వామి బాకీని మాపించలేదు, తీర్చెను.

బలిచక్రవర్తి కథ ఇంకను దగ్గరిది. వామనుడు అడిగి, దానముగా పొంది, న్యాయముగనే మూడడుగులు కొలిచెను. ఐనను భూమిని తీసికొని పోలేదు. భాగవతము ప్రకారము సుతలమున బలి వాకిట తానే కాపలా నిలిచెను.

కొన్నవారు చేయదగినవి చిన్నవే. 30 దినములలో బాకీదారు పైకము కూర్చుకొనుటకు తిరుగుచుండగా అప్పు పుట్టకుండ చేయరాదు. చేనిలో వాని పెద్దల సమాధి యున్నచో దున్నింపరాదు. ఏడాదికొకనాడు వారు వచ్చి దీపము పెట్టుకొందుమన్నచో గట్టు దారి విడువవలెను.