ప్రమాణం అక్కరలేని పనివాడు

మా చిత్తూరు జిల్లాలో లెక్క తేలకపోయినా, సరుకు తగ్గినా వెంటనే వినిపించే మాట ఒకటుంది: “కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తావా?” అక్కడి వరసిద్ధి వినాయకుని ఎదుట అబద్ధమాడితే శిక్ష తప్పదని హైందవ సోదరుల నమ్మకం. ముస్లిం అయితే అల్లాహ్ పేరున తప్ప మరెవరి పేరునా ప్రమాణం చేయరాదు. కాని ఇందులో అందరం ఆలోచించవలసిన విషయం ఉంది. ప్రమాణం అడిగే పరిస్థితి వచ్చిందంటే, అప్పటికే నమ్మకం పోయిందన్నమాట. ఎన్నేళ్ళు పనిచేసినా ప్రమాణం అడగాలన్న తలంపే యజమానికి రానివాడే విలువైన పనివాడు.

రెండు గుణాలు

మద్‌యన్ బావి దగ్గర హజ్రత్ మూసా (అ) ఇద్దరు యువతుల పశువులకు నీళ్ళు పెట్టారు. వారిలో ఒకామె ఆయన్ని పనికి పెట్టుకోమని తండ్రికి సలహా ఇస్తూ రెండు గుణాలు చెప్పింది. ఒకటి, ఆయన ‘ఖవీ’, అంటే బలం, సామర్థ్యం గలవారు. రెండు, ఆయన ‘అమీన్’, అంటే నమ్మదగినవారు. దివ్యఖుర్‌ఆన్ (28:26) ఈ సలహాను మన కోసం భద్రపరచింది.

ఈ రెండింటిలో ఒకటే ఉంటే చాలదు. హజ్రత్ అబూజర్ (రజి) సత్యసంధతలో ఎవరికీ తీసిపోరు. అయినా ఆయన పదవి కోరినప్పుడు దైవప్రవక్త (స) ఆయన భుజం తట్టి, అది అమానతు అనీ, ఆ బరువు మోసే శక్తి ఆయనకు లేదనీ చెప్పారు (ముస్లిం). నమాజు తప్పనివాడైనంత మాత్రాన పని రాని మేస్త్రీ కట్టిన గోడ నిలవదు. చేసే పనిని చక్కగా నేర్చుకోవడం కూడా ధర్మంలో భాగమే.

ఇక నమ్మకానికి పరీక్ష ఎప్పుడు? ద్రోహం లాభసాటిగా ఉన్నప్పుడు. హిజ్రత్ సమయంలో దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి) దారి చూపడానికి కూలికి పెట్టుకున్న అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అప్పటికి ముస్లిం కాడు. ఎడారి దారులు తెలిసిన దిట్ట. రెండు ఒంటెలను అతని చేతికప్పగించి, మూడు రాత్రుల తర్వాత సౌర్ గుహ దగ్గరికి తెమ్మన్నారు. మరోవైపు ఖురైషులు, పట్టి ఇచ్చినవారికి నూరు ఒంటెలు ప్రకటించారు. అతను ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు, అనుకున్న వేళకు ఒంటెలతో వచ్చాడు. కలిమా చదివిన మనం అతనికన్నా తక్కువ నమ్మకస్తులం కావచ్చా?

యజమాని కోసం మోసమా?

తూకంలో మోసం చేసేవారిని ఖుర్‌ఆన్ (83:1-3) తీవ్రంగా హెచ్చరించింది. పూర్తి జీతం తీసుకుని పనివేళల్ని దొంగిలించే ఉద్యోగికీ ఇది వర్తిస్తుందని ముఫ్తీ ముహమ్మద్ షఫీ ‘మఆరిఫుల్ ఖుర్‌ఆన్’లో వివరించారు.

అయితే యజమానే మోసం చేయమంటే? మామిడి సీజనులో గుజ్జు ఫ్యాక్టరీ కాటా దగ్గర కూర్చున్న గుమాస్తాను, రైతు ట్రాక్టరుకు నాలుగు కిలోలు తగ్గించి రాయమన్నారనుకోండి. రాస్తే మెప్పు, రాయకపోతే ఉద్యోగానికే ముప్పు. పిల్లలున్నవాడికి ఇది చిన్న పరీక్ష కాదు. కాని సృష్టికర్తకు అవిధేయత అయ్యే చోట ఏ సృష్టిరాశికీ విధేయత లేదు. రాయలేనని మర్యాదగా చెప్పాలి. ఉపాధినిచ్చేవాడు అల్లాహ్ అని నమ్మి మరో హలాల్ దారి వెతకాలి. యజమానులూ గ్రహించాలి: మీ కోసం రైతును మోసగించిన చేయి రేపు మీ గల్లాపెట్టెలోకీ వస్తుంది. ‘లేదు, రాయను’ అన్నవాడే మీ సొమ్ముకు అసలైన కాపలా.

అలాంటివాడు దొరికితే అతని హక్కు కాజేయకండి. చెమట ఆరకముందే కూలి ఇమ్మన్నారు దైవప్రవక్త (స). పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగవేసినవాడికి ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాదిగా నిలుస్తాడు (బుఖారీ).

అల్లాహ్ మన చేతులకు నేర్పును, మన మాటకు నమ్మకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.