పరుగులో పొరుగువాడు

గమ్యముమీద దృష్టి నిలిపి పోవుచున్నవాడు దారిప్రక్కన పడియున్న మనుష్యుని విడిచి సాగిపోయినయెడల, దానిని తప్పు అనవలెనా, లేక తొందరలో జరిగిన పొరపాటు అని సరిపెట్టుకొనవలెనా? ఈ ప్రశ్న మాకు గ్రంథములలోనుండి రాలేదు. హైదరాబాదు రోడ్డుమీద ఎదురైనది.

ఏబది యేండ్లు దాటిన తరువాత వైద్యుని సలహామీద నడక మొదలుపెట్టితిమి. కొంతకాలమునకు నడక పరుగైనది. ఆరునెలల సాధన పిమ్మట మొదటి హాఫ్ మారథాన్‌కు పేరు నమోదు చేసికొంటిమి. దాని దూరము 21 కిలోమీటర్ల 97 మీటర్లకు కొంచెము పైన. 1908లో లండను ఒలింపిక్సునందు పరుగెత్తిన 42.195 కిలోమీటర్ల దూరమే పూర్తి మారథాన్‌కు కొలతగా 1921లో స్థిరపడినది. ఇది అందులో సగము. మొదటి వరుసలోని మేటి పరుగువీరులు దీనిని గంటకు కొంచెము అటు ఇటుగా ముగించెదరు. మావంటివారు చేరుసరికి వారు స్నానముచేసి ఫలహారమునకు కూర్చుండియుందురు. కాబట్టి మాకు పోటీ వారితో కాదు, చేతి గడియారముతో. రెండున్నర గంటలలో ముగించవలెనని మేము నిర్ణయించుకొంటిమి. ఎవరును మమ్మును అడుగలేదు. మాకు మేమే పెట్టుకొన్న లెక్క అది.

ఆగష్టు నెలలో ఒక ఆదివారము, ఇంకను తెల్లవారకమునుపే హుస్సేన్ సాగరు ఒడ్డున వేలమందితో కలిసి బయలుదేరితిమి. వాన లేదుగాని గాలిలో తేమ నిండియున్నది. పది కిలోమీటర్లవరకు కాళ్లు మా మాట వినినవి. పదునైదు దాటినప్పటినుండి ఫ్లైఓవరు ఎక్కు ప్రతిసారి మేమే వాటిని బ్రతిమాలుకొనవలసి వచ్చినది. పదునెనిమిదవ కిలోమీటరు దగ్గర ఒక యువకుడు రోడ్డు అంచున కూర్చుండి, రెండు చేతులతో పిక్క పట్టుకొని బాధపడుచుండెను. మమ్మును చూచి, "అన్నా, కొంచెం నీళ్లుంటే ఇవ్వండి" అనెను.

మా చేతిలో సగము నిండిన సీసా ఉన్నది. మేము గడియారము చూచితిమి. "వెనకాల వాలంటీర్లు వస్తున్నారు తమ్ముడూ" అని చెప్పి, ఆగకుండ సాగిపోతిమి. నిజమునకు అప్పటికి కొంతదూరమునుండి వాలంటీరు ఒక్కరును మాకు కనబడలేదు.

రెండు గంటల ఇరువది తొమ్మిది నిమిషములకు గీత దాటితిమి. మెడలో పతకము వేసిరి. మరునాడు ఆఫీసులో అందరును ఎంతసేపు పట్టినదని అడిగిరి, గర్వముగా చెప్పితిమి. దారిలో ఎవరు కనబడిరని ఒక్కరును అడుగలేదు. మేమును చెప్పలేదు. ఇప్పుడే చెప్పుచున్నాము.

అమెరికాలో జాన్ డార్లీ, డానియేల్ బ్యాట్సన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1973లో ఒక పరిశోధనను ప్రకటించిరి. ప్రిన్స్టన్‌లోని వేదాంత విద్యార్థులను ప్రసంగము చేయుటకై ఒక భవనమునుండి మరియొక భవనమునకు పంపిరి. దారిలో ఒక మనిషి తల వాల్చుకొని, దగ్గుచు మూలుగుచు ఉండునట్లు ముందుగానే ఏర్పాటు చేసిరి. తీరికగా పోవుచున్నవారిలో నూటికి 63 మంది ఏదో విధముగా సహాయపడిరి. ఆలస్యమైనదని త్వరపెట్టబడినవారిలో నూటికి 10 మంది మాత్రమే సహాయపడిరి. వారిలో కొందరు చెప్పబోవు ప్రసంగము మంచి సమరయుని గూర్చినదే! అయినను ఆ పాఠము వారిని చెప్పుకోదగినంతగా ఆపలేకపోయినది.

చదువరులారా, ఇది చదివినప్పుడు మాకు కొంత ఊరట కలిగినదని ఒప్పుకొనెదము. మేము కఠినులము కాము, తొందరలో ఉన్నాము, అంతే అనుకొంటిమి. కాని ఆ ఊరట ఎంతోసేపు నిలువలేదు. లూకా సువార్త పదవ అధ్యాయములోని యాజకుడును లేవీయుడును ఎందుకు ప్రక్కగా పోయిరో ప్రభువు చెప్పలేదు. వారికిని ఏదో పని ఉండియుండవచ్చును. ఆ పని ఏదైనను, పడియున్నవాడు పడియే యున్నాడు గదా! పైగా మా తొందర ఎవరి ప్రాణమును కాపాడుటకు? ఎవరును అడుగని ఒక అంకె కొరకు.

అయితే తొందర అంతయు చెడ్డదా? కాదు. మార్కు సువార్త అయిదవ అధ్యాయము చూడుడి. యాయీరు కుమార్తె చావ సిద్ధమైయున్నది. ప్రభువు ఆ ఇంటికే పోవుచుండెను. అంతకంటె న్యాయమైన తొందర మరి ఏమున్నది? అట్టి దారిలోనే, గుంపులో తన వస్త్రమును ముట్టిన స్త్రీకొరకు ఆయన నిలిచి, ఆమె చెప్పినదంతయు వినెను. యాయీరుకు ఆ నిమిషములు ఎంత భారముగా నుండెనో తండ్రులైనవారు ఎరుగుదురు. అయినను ఆయన ఆ స్త్రీని తరువాత రమ్మనలేదు, చిన్నదాని ఇంటికి పోవుటయు మానలేదు. గమ్యమును విడువకుండనే నిలువవచ్చునని అక్కడ నేర్చుకొనుచున్నాము.

పరుగుపందెములోను ఇట్టిది జరిగినది. 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా జాతీయ మైలు పందెమున రాన్ క్లార్క్ అను యువకుడు పడిపోయెను. అతనిమీదుగా దుమికిన జాన్ లాండీ ఆగి, వెనుకకు వచ్చి, అతని క్షేమము విచారించి, పిమ్మట మరల పరుగెత్తెను. ఆ పందెమును అతడే గెలిచెను. గెలిచినందున ఆ కథ మనకు ఇంపుగా ఉన్నది. ఓడిపోయియున్నను అతడు చేసినది అంతే మంచిదై యుండెడిది; దానిని గుర్తుంచుకొనువారు మాత్రము తక్కువగా నుండెడివారు.

వెనుకటి సంగతులను విడిచి ముందునకు సాగుటనుగూర్చి పౌలు ఫిలిప్పీయులకు వ్రాసెను. వెనుకబడిన మనుష్యుని విడువుమని మాత్రము ఎక్కడను వ్రాయలేదు. ఈ రెంటిని మనము తరచుగా కలగలుపుకొనుచున్నాము. ఆరాధన గంట మ్రోగినదని గుడి మెట్లమీది వృద్ధురాలిని దాటిపోవుదుము. ఆఫీసు వేళ మించినదని ఇంటిలో మూలుగుచున్న తల్లి మాట సగమే వినెదము. వెనుక ఎవరో వచ్చెదరని చెప్పుకొందుము.

ఆ యువకుడు ఎవరో మాకు తెలియదు. క్షమాపణ చెప్పుకొను అవకాశమును లేదు. వచ్చే యేడు మరల పరుగెత్తగోరుచున్నాము. రెండున్నర గంటలలోనే ముగించవలెనని ఈసారియు అనుకొనుచున్నాము. ఆ కోరిక తప్పని మాకు తోచలేదు. కాని సీసాలోని నీళ్లు మాకొరకు మాత్రమే కావని ముందుగానే నిర్ణయించుకొంటిమి. పదునెనిమిదవ కిలోమీటరు దగ్గర ఆలోచించుకొందమన్న, అప్పటికి అలసిన మనస్సు గడియారము మాటే వినునని ఒకసారి తెలిసికొంటిమి గదా.