కూడు పాసిందని ఎవరు చెప్పాల?

మా గేరిలో సద్ది వేరు, పాసిన కూడు వేరు. సద్ది మాది. రాత్రి మిగిలిన బువ్వలో నీళ్లు పోసి మూతబెడితే తెల్లారేసరికి పులుస్తుంది. ఉల్లిగడ్డ కొరుక్కుంటూ అది తిని కూలికి పోయేవాళ్లు. పాసిన కూడు మాది గాదు. పెద్దిండ్లల్లో పాసి, మా దాకా వచ్చేది.

మా యమ్మ ఆళ్లగడ్డ కాడ ఒక ఆసామి ఇంట్లో పేడ ఎత్తేది. మిగిలిన పప్పూ బువ్వా దొడ్డివాకిట్లో, తగలకుండా పైనుంచి గిన్నెలోకి వంచేవాళ్లు. ఒకనాడు అమ్మ తీగ సాగుతుందేమోనని వేలితో మెదిపి, ముక్కు కాడ పెట్టుకుంది. "ఏమే, పెట్టిందాన్ని వాసన జూస్తావా? మీకు గూడా రోతలొచ్చినాయా?" అనింది ఇంటామె. అమ్మ పలకలేదు. ఇంటికొచ్చినాక, "చెయ్యి వాళ్లదైతే కడుపు మనది గాదా?" అనింది.

నన్ను ఇప్పటికీ తొలిచేది ఆ మాటే. లోపలింట్లో పాసిపోయిన పప్పు దొడ్డివాకిలి దాటంగానే బాగవుతుందా? పప్పుకు కులం తెలీదు. తెలిసింది వంచిన చేతికే. ఆకలిని మాకు వదిలిపెట్టి, వాసన చూసే హక్కును మాత్రం వాళ్లు ఉంచుకున్నారు. 1927 మార్చిలో మహద్ సభలో అంబేద్కర్ ఎంగిలి మెతుకులు తినడం మానండని చెప్పింది ఇందుకే. ఓంప్రకాశ్ వాల్మీకి 1997లో వచ్చిన తన హిందీ ఆత్మకథకు 'జూఠన్' అనే పేరు పెట్టింది ఇందుకే. జూఠన్ అంటే ఎంగిలి.

ఇప్పుడు నంద్యాలలో మా ఇంట్లో ఫ్రిజ్ ఉంది. గిన్నెలు తోమడానికి ఒకామె వస్తుంది. అడగాల్సింది ఇప్పుడు నన్ను.

ఫ్రిజ్ కూడును చెడిపోకుండా ఆపదు, ఆలస్యం చేస్తుంది. 5 డిగ్రీల లోపు చల్లదనంలో సూక్ష్మజీవులు చావవు, మెల్లగా పెరుగుతాయి. లిస్టీరియా లాంటివి ఆ చలిలోనూ పెరుగుతాయి. వాసన పుట్టించేవీ జబ్బు చేసేవీ ఒకటే గావు. బయట గంటలకొద్దీ పెట్టిన అన్నంలో పుట్టే ఒక విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుకే వండిన రెండు గంటల్లోపల ఫ్రిజ్‌లో పెట్టాలంటారు, కూరల్ని మూడు నాలుగు రోజులకు మించి ఉంచొద్దంటారు. ఇక ఎండాకాలంలో మా నంద్యాల 40 డిగ్రీలు దాటుతుంది. కరెంటు గంటలతరబడి పోతే ఆ లెక్క గూడా తప్పుతుంది.

అంటే, మా యమ్మ ముక్కు గూడా ఇక్కడ చాలదు. కూర ఏ నాడు వండిందీ, కరెంటు ఎంతసేపు పోయిందీ ఫ్రిజ్ ఉన్నోళ్లకే తెలుసు. చల్లటి డబ్బా చేతిలో పెట్టించుకునే మనిషికి తెలీదు. వాసన రావడం లేదు గదా అని ఇచ్చి ఊరుకుంటే అది దానం గాదు, దాపరికం. "పారేయడమెందుకు, పాపం" అనేవాళ్లను నేనొకటి అడుగుతా. ఆ పాపభీతి మీ పిల్లల కంచంలోకి వంచేటప్పుడు ఉంటుందా?

మన బిడ్డకు పెట్టలేంది పారేయాల. పెట్టగలిగింది ఇస్తే, వండిన రోజు చెప్పి ఇయ్యాల. ఆమె మూత తీసి వాసన చూస్తే చూడనియ్యాల. వద్దంటే మూతి ముడవగూడదు. జీతమిచ్చేటప్పుడు ఆ కూరను లెక్కలోకి తేగూడదు.