విధియు పురుషకారమును

నల్లగొండ జిల్లా పెద్దవూర మండలమున 2022 ఫిబ్రవరి 26న సెస్నా 152 శిక్షణవిమానము కూలి యువ వైమానికురాలు అసువులు బాసినది. ఇట్టి వేళ "విధివ్రాత" యని నిట్టూర్చుట సహజము; ఆ శోకము పూజ్యమే గాని, ఆ మాటతో విచారణ ముగియరాదు. దైవ మెంతవరకు, పురుషకార మెంతవరకు అను సనాతనప్రశ్నకు, అడ్డగాలిలో విమానమును దింపుట వంటి నిదర్శనము అరుదు.

పాలమూరు, నల్లగొండ మెట్టలపై వీచు నైరృతిపవనము మనుష్యుని యిచ్ఛ నెరుగదు, అది దైవము. 1931లో తొలిసారి ఎగిరిన టైగర్ మాత్ వంటి పాతవిమానమున గురుత్వకేంద్రము ప్రధానచక్రములకు వెనుక నుండుటచే, నేలపై కలిగిన స్వల్పవక్రత తనంత తానే పెరిగి విమానమును గిరగిర త్రిప్పివేయగలదు, అది పూర్వకర్మ. అయినను గాలివైపు రెక్కను వంచి, చుక్కానితో ముక్కును రన్‌వేకు సరిచేసి, చక్రము లాగువరకు ఏమరక యుండుట వైమానికుని వశము. గాలి తన శక్తికి మించినదని గ్రహించి మరల పైకి లేచుటయు పురుషకారమే. సెస్నా 152ను నిర్మాతలు 12 నాట్ల అడ్డగాలిలో దింపి చూపుట, మానవప్రయత్నము తన మేరను తానే కొలుచుకొనుటకు సాక్ష్యము.

కావున విధి నంగీకరించుట యనగా, వశము కానిదానిని ఎరిగి, వశమైనదానిని సంపూర్ణముగా నిర్వర్తించుట. ప్రమాదకారణమును నిర్భయముగా వెదకి తరువాతి శిష్యునికి బోధించుటయే మృతులకు మన మర్పింపగల శ్రద్ధాంజలి యని నా దృఢవిశ్వాసము.