కావలి లేని అంగడి

సభలో సత్యము పలుకుట సులభము. సాక్షి లేని చోట సత్యముగా నుండుట కష్టము. ఎవ్వరును చూడనప్పుడు మనుజుడు చేయు పనియే వాని స్వభావమును తెలుపునని పెద్దలు చెప్పుదురు. ఈ మాటకు నిత్యపరీక్ష వలె నున్న అంగళ్లు కొన్ని మన దేశమున ఈశాన్యమూలనున్న మిజోరాం రాష్ట్రములో కలవు.

ఆ రాష్ట్ర రాజధానియగు ఐజ్వాల్ నగరమునకు దూరముగా, సెలింగ్ ప్రాంతమున, రాజమార్గము ప్రక్కన వెదురుతో కట్టిన చిన్న పాకలు కనబడును. వానిలో కూరగాయలు, పండ్లు అమర్చి యుండును. వెలలు వ్రాసి యుండును. డబ్బు వేయుటకు ఒక డబ్బా యుండును. అమ్మువాడు మాత్రము ఉండడు. ఆ రైతులు కొండవాలులలో పోడు వ్యవసాయము చేయువారు. ఇంటిలోని చేతులన్నియు పొలము పనికే చాలనప్పుడు అంగడిలో కూర్చుండుటకు మనిషిని ఎక్కడనుండి తెత్తురు? అందుచేత సరకు నమర్చి పొలమునకు పోదురు. బాటసారి కావలసినది తీసికొని, వెల డబ్బాలో వేసి, చిల్లర రావలసియున్నచో అందులోనుండియే తీసికొని పోవును. 2020 సంవత్సరములో ఈ అంగళ్లను గూర్చి దేశమందలి పత్రికలు వ్రాసినవి. తన సుఖముకంటె పరుల మేలును ముందుంచుకొను గుణమును మిజోలు తమ భాషలో త్లోమ్‌ఙైహ్నా అందురు. వారిలో అత్యధికులు క్రైస్తవులు. పరధనము నాశింపకుండుట ఏ ఒక్క మతమువారి సొత్తును కాదు. అది సర్వులకును సామాన్యధర్మము. పతంజలి మహర్షి అస్తేయమును ఐదు యమములలో ఒకటిగా చెప్పెను.

ఇట్టి అంగడిలో దొంగతనము జరిగినచో ఏమి చేయవలెను? ఇది చిన్న ప్రశ్న వలె తోచును గాని చిన్నది కాదు. ఎక్కడనో ఒక బాట ప్రక్కన ఇట్టి అంగడి యున్నదనుకొందము. ఉదయము రైతు పది ఆకుకూర కట్టలు ఉంచి పోయెను. కట్ట వెల పది రూపాయలు. సాయంకాలము వచ్చి చూడగా పది కట్టలును లేవు. డబ్బాలో ఎనుబది రూపాయలే యున్నవి. పోయినది ఇరువది రూపాయలు. మరునాడును అట్లే జరిగెను. మూడవనాడు రైతు తన కుమారుని బడి మాన్పించి అంగడిలో కూర్చుండబెట్టెను. ఇప్పుడు లెక్క వేయుడు. దొంగ తీసికొన్నది రెండు కట్టల ఆకుకూరయేనా? ఆ బాలుని చదువును కూడ తీసికొన్నాడు. నిజాయితీతో వెల వేసి పోవు బాటసారులకు తమ్మును నమ్మినవాడొకడున్నాడను సంతోషమును కూడ తీసికొన్నాడు. నమ్మకము ఒక్క రైతు సొత్తు కాదు. ఆ దారిని పోవు వారందరి ఉమ్మడి సొత్తు.

కాబట్టి ‘పోనిమ్ము, ఇరువది రూపాయలే గదా’ యని ఊరకుండుట క్షమ కాదు. అది దొంగను మరింత లోతునకు దిగనిచ్చుట. ‘ఎవ్వరిని నమ్మరాదు’ అని అంగడి మూసివేయుటయు ధర్మము కాదు. అది ఒకని తప్పునకు వందమందిని శిక్షించుట. మరి మధ్యమార్గమేది?

మహాభారతము శాంతిపర్వములో వ్యాసమహర్షి ధర్మరాజునకు చెప్పిన శంఖలిఖితుల కథ ఇచ్చట స్మరింపదగినది. బాహుదానదీ తీరమున ఆ సోదరులిరువురికిని వేరువేరు ఆశ్రమములు కలవు. ఒకనాడు తమ్ముడగు లిఖితుడు అన్న ఆశ్రమమునకు పోయెను. శంఖుడు అచ్చట లేడు. చెట్లకు పండిన ఫలములు కనబడగా లిఖితుడు కోసికొని నిశ్చింతగా తినుచుండెను. ఇంతలో అన్న వచ్చి, అడుగక తీసికొనుట చౌర్యమని తీవ్రముగా మందలించి, రాజు కడకు పోయి శిక్ష కోరుకొమ్మనెను. చూడుడు: తోట తన అన్నదే, తిన్నది కొన్ని పండ్లే, యజమాని అప్పుడు అచ్చట లేడు. కావలి లేని అంగడియే గదా అది! లిఖితుడు వాదింపలేదు. సుద్యుమ్న మహారాజు కడకు పోయెను. రాజు క్షమింపగోరినను అంగీకరింపక దండనమునే వేడుకొనెను. ఆ కాలపు ధర్మము ననుసరించి అతని చేతులు ఖండింపబడినవి. తిరిగి వచ్చిన తమ్ముని చూచి శంఖుడు తనకు అతనిపై కోపము లేదని చెప్పి, బాహుదానదిలో దేవర్షిపితృ తర్పణములు చేయుమని పంపెను. లిఖితుడు స్నానమాడి తర్పణమునకు ఉద్యుక్తుడు కాగానే తామరల వంటి చేతులు అతనికి తిరిగి మొలిచినవి.

ఈ కథలో చేతులు పోవుటను మాత్రమే చూచువారు సగము కథనే చదివినవారు. చేతులు ఎప్పుడు తిరిగి వచ్చినవి? ఇచ్చుటకు పూనుకొన్నప్పుడు. అపహరించిన చేయి అర్పించుటకు సిద్ధమైనప్పుడు అది మరల చేయి యగును. శంఖుడు తప్పును తప్పని ముఖముననే చెప్పెను. తానే దండింపక ఆ పని రాజునకు విడిచెను. చివరకు తమ్మునికి తిరిగివచ్చు దారి చూపెను. ఈ మూడును అంగడివానికి పాఠములే.

విచిత్రమేమనగా నేటి చట్టమును ఈ దారినే కొంత నడచినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, ఐదువేల రూపాయలకు లోబడిన దొంగతనములో మొదటిసారి దోషిగా తేలినవాడు ఆ సొత్తునుగాని దాని వెలనుగాని తిరిగి యిచ్చినచో, అతనికి సమాజసేవను శిక్షగా విధించుచున్నది. చేతులు నరుకుటకు మారుగా ఆ చేతులను సేవలో నియోగించుట! 

ఇక అంగడివాడు చేయదగినదేమి? డబ్బాకు తాళము వేయవచ్చును. మధ్యాహ్నమొకసారి వచ్చి డబ్బు తీసికొని పోవచ్చును. ఇది అవమానము కాదు. ఆలయమున హుండీకి సీలు వేసినంత మాత్రమున భక్తులను శంకించినట్లగునా? బలహీనునికి ప్రలోభము తగ్గించుట వానికి చేయు ఉపకారమే. కాని పొదచాటున దాగి పట్టుకొనుట, అనుమానముతో ఒకని పేరు ఊరంతట చాటుట వేరు. ఆ అనుమానము తప్పైనచో, రెండు కట్టల ఆకుకూరకు ఒక మనుజుని మానమును దొంగిలించినట్లగును. అప్పుడు దొంగ యెవరు? అంతకంటె పలకపై ఇట్లు వ్రాయుట మేలు: ‘నిన్న రెండు కట్టల వెల తక్కువైనది. వేయ మరచినవారు నేడు వేయవచ్చును.’ ఇందులో తప్పును దాచుట లేదు. తలుపును మూయుటయు లేదు. దానిని చదివి సిగ్గుపడి ఇరువది రూపాయలు వేసిపోవువాడు రైతునకు ఇచ్చినది తక్కువ, తాను పొందినది ఎక్కువ.

ఆకలిగొన్నవాడు తీసికొన్నచో ఏమందురని కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానము దొంగతనమును మెచ్చుకొనుట కాదు, దాని అవసరమును తొలగించుట. ఒక చిన్న బుట్టను వేరుగా నుంచి, ‘దీనికి వెల లేదు; లేనివారు తీసికొనుడు’ అని వ్రాయవచ్చును. అదే ఆకుకూర, అదే చేయి; కాని ఇచ్చట తీసికొన్నవాడు దొంగ కాడు, అతిథి. తిరుమలలో 1985లో ఆరంభమైన నిత్యాన్నదానము వేలాదిమంది యాత్రికులకు ఈ గౌరవమునే కల్పించుచున్నది.

తిరుమంగై ఆళ్వారు దారులు కొట్టినవారే గదా, భగవంతుడు వారిని స్వీకరింపలేదా యని మరి కొందరు అనవచ్చును. స్వీకరించెను. కాని ఎట్లు స్వీకరించెనో గమనింపవలెను. భాగవతుల ఆరాధనకై దోచుచున్న ఆయన యెదుట స్వామి పెండ్లికుమారుడై అమ్మవారితో వచ్చి, ఆభరణములన్నియు దోచుకొననిచ్చెను. కాని ఆ మూట కదలలేదు. పరధనపు బరువు అట్టిది. మూట కదలుటకు మంత్రము చెప్పుమని గద్దించిన ఆయన చెవిలో స్వామి అష్టాక్షరిని ఉపదేశించెను. సత్కార్యము కొరకైనను దొంగతనము నిలువలేదు. దొంగ మాత్రము నిలిచి ఆళ్వారయ్యెను.

మన పూర్వాచార్యులు చెప్పిన మాట యొకటి ఇచ్చట మనలను వినయవంతులను చేయవలెను. భగవంతుని సొత్తగు ఆత్మను ‘నాది’ యనుకొనుట ఆత్మాపహారమనియు, చౌర్యములన్నింటిలో అదియే గొప్పదనియు వారు బోధించిరి. ఆ లెక్కను చూచినచో మనలో దొంగ కానివాడెవడు? స్వామి ఈ జగమను అంగడిని తెరచి, గాలి, నీరు, వెలుగు, ఆయువు అమర్చి, తాను కనబడకుండ అంతర్యామియై యున్నాడు. మనము తీసికొన్నది యెంత, డబ్బాలో వేసినది యెంత? అయినను ఆయన అంగడి మూయలేదు. మనము తిరిగి వచ్చు దారిని మూయలేదు.

కావున రెండు కట్టలు పోయిన రైతు మరునాడును అంగడి తెరచుగాక. పిల్లవానిని బడికి పంపుగాక. తీసికొన్న చేయి ఎవరిదైనను ఒకనాడు వెల వేయుటకు ముందుకు వచ్చుగాక. మన చేతులను అపహరణమునుండి మరల్చి తన కైంకర్యమునందు నియోగింపుమని శ్రీ వేంకటేశ్వరుని ప్రార్థింతము.